ఇత్మినాన్

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ప్రసంగమునకు కావలసిన కంఠములను సేకరించుటకై మేము ఎలగందుల కోటకు సమీపమున నున్న ఒక గ్రామమునకు పోయి యుంటిమి. కరీంనగరమునకు పడమరగా, మానేటి ఒడ్డున, ఆ కోట యున్నది. మాకు దొరికిన పెద్దమనిషి దూదేకుల కుటుంబమువాడు. డెబ్బది యేండ్లు పైబడినవి. తాతలనాటి దూది యేకు విల్లు ఇంకను ఇంటి దూలమునకు వ్రేలాడుచునే యుండెను. కోటనుండి మానకొండూరు వరకు భూమిలోపల సొరంగము కలదని ఆ ప్రాంతమువారు చెప్పుకొను కథ నాయన చెప్పుచుండెను. మా ధ్వనిముద్రణ యంత్రము ముందున్నది. దివిటీ పట్టుకొని ఎవరో సొరంగములో దిగిన ఘట్టమువరకు కథ వచ్చినది. అంతలో ఊరి మసీదునుండి అజాన్ వినవచ్చెను. ఆయన మాటను సగములో నిలిపి లేచెను.

"జర ఆగుండ్రి సారూ. నమాజు జేస్కోనొస్త. గప్పుడు ఇత్మినాన్‌గ మాట్లాడుకుందం."

మాకు విసుగు కలిగినమాట దాచుట దేనికి? ఆకాశవాణి ఉద్యోగికి గడియారమే ఇలవేల్పు. చీకటిపడకముందే మేము కరీంనగరము చేరవలసి యుండెను. కథ మంచి పట్టునందు తెగిపోయినది. ఆ చిరాకులో యంత్రమును ఆపుటయే మరచితిమి. తరువాత వినినప్పుడు అందులో బిందెనుండి చెంబుతో నీరు తీసిన చప్పుడు, చేతులు కాళ్ళు కడుగుకొన్న చప్పుడు, దూరమున ఒక మేక అరుపు, ఆపైన చాలసేపు ఏమియు లేదు.

ఆయన పలికిన ఆ ఒక్క మాటయే ఈ వ్యాసమునకు కారణము. ఇత్మినాన్ అనునది తెలంగాణమున ఉర్దూ మాట్లాడువారి సొత్తు మాత్రమే కాదు. తొందరపడి తినుచున్న పిల్లవానితో ఇత్మినాన్‌గ తినుమని తెలుగు తల్లియు అనును. నెమ్మది, నిలుకడ, నిబ్బరము, ఈ మూడును కలిసిన అర్థము. ఈ మాట పుట్టిన అరబ్బీ ధాతువు ఇస్లాము సంప్రదాయములో రెండు ముఖ్యస్థానములందు కనిపించును. మొదటిది ఖురానులో పదుమూడవ అధ్యాయమైన 'రఅద్'నందు, దైవస్మరణచేత హృదయములు నెమ్మది పొందునని చెప్పిన చోట. రెండవది ధర్మశాస్త్రజ్ఞుల పరిభాషలో. నమాజునందు వంగినప్పుడు, నిలిచినప్పుడు, నేలకు నుదురు తాకించినప్పుడు, అవయవములన్నియు కుదుటబడువరకు ఆగుటకు వారు తుమఅనీనా అని పేరు పెట్టిరి. హృదయపు నెమ్మదికిని, వెన్నెముక నిలుకడకును ఒకే ధాతువు!

దీనికి సంబంధించిన ఒక వృత్తాంతము హదీసు గ్రంథములలో కలదు. మదీనాలో ఒకడు మసీదునకు వచ్చి గబగబ నమాజు ముగించి ప్రవక్తకు సలాము చేసెను. నీవు నమాజు చేయలేదు, మరల చేయుమని ఆయన త్రిప్పి పంపెను. ఇట్లు మూడుమారులు జరిగినది. ఇంతకన్న నాకు చేతకాదు, నేర్పుడని అతడు వేడుకొనెను. అప్పుడు ప్రవక్త చెప్పినది మనస్సును గూర్చి కాదు. వంగినప్పుడు కుదుటబడువరకు వంగియుండుము, లేచినప్పుడు తిన్నగా నిలుచువరకు లేచియుండుము, సాష్టాంగపడినప్పుడు నెమ్మది కలుగువరకు అట్లే యుండుము, ఇంతే. మన ప్రాంతమున ఎక్కువమంది అనుసరించు హనఫీ సంప్రదాయము ఈ నిలుకడను వాజిబ్‌గా, అనగా విడువరాని విధిగా, ఎంచుచున్నది. శాంతిని గూర్చి మేము ప్రసారము చేసిన ఉపన్యాసములు పెక్కు మనస్సుతో ఆరంభమై మనస్సుతోనే ముగిసినవి. ఈ సంప్రదాయము మోకాళ్ళతో ఆరంభించినది. వేకువ రెండు, మధ్యాహ్నము నాలుగు, ప్రొద్దు వాలిన పిమ్మట నాలుగు, సూర్యాస్తమయమున మూడు, రాత్రి నాలుగు. విధిగా చేయవలసిన రకాతులు దినమునకు 17. రకాతునకు రెండేసి చొప్పున 34 మారులు నుదురు నేలను తాకవలెను. ధనికునకైనను, దాసునకైనను లెక్క ఒక్కటే.

ఇక మన జిల్లాల మాట.

ఉత్తర తెలంగాణము కోటల దేశము. కోట యనగా భయమునకు కట్టిన రూపమని మా అభిప్రాయము. కాకతీయుల తరువాత బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు ఒకరి వెనుక ఒకరు ఎలగందులను పట్టుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఈ సీమలో పేరెన్నిక గన్న సేనాని జఫరుద్దౌలా మీర్జా ఇబ్రహీం బేగ్ ధంసా. 1747లో జగిత్యాలయందు ఫ్రెంచి ఇంజనీర్లచేత నక్షత్రాకారపు కోట కట్టబడినది ఆయన కొరకే. నిర్మల కూడ ఆయన యేలుబడిలోనిదే. ఎలగందుల కోటలోని మసీదును 1754లో ఆయనయే కట్టించెనని చెప్పుదురు. దాని మీనారు కదిలించిన ఊగునని ప్రసిద్ధి. చూడవచ్చినవారు దానిని ఊపుటకే ఎక్కువ ఉత్సాహపడుదురు గాని, క్రింద ఏమి జరిగెడిదని తలచువారు తక్కువ. క్రింద జరిగినది ఇది: జీతము ఎన్నడు చేతికి వచ్చునో, ఏ రాత్రి దండు కదలునో తెలియని సిపాయిలు దినమునకు ఐదుమారులు కత్తి ప్రక్కన పెట్టి వరుసగా నిలిచిరి.

1905లో జిల్లా కేంద్రము ఎలగందులనుండి కరీంనగరమునకు మారినది. సయ్యద్ కరీముద్దీన్ అను కిల్లాదారు పేరిట ఆ ఊరికి పేరు కలిగెనందురు. ఆ సంవత్సరముననే ఆదిలాబాదు కూడ జిల్లాగా ఏర్పడినది. కచ్చేరి పోగా వకీళ్ళు పోయిరి, ఉద్యోగులు పోయిరి, వర్తకులు పోయిరి. ఎలగందులలో మిగిలినవారు నేతగాండ్రు, కాపులు, దూదేకులవారు. కోటకు వైభవము పోయినది గాని నమాజునకు ఏమియు పోలేదు. దానికి కోటయు అక్కరలేదు, గుమ్మటమును అక్కరలేదు. శుభ్రమైన నేల, దిక్కు తెలిసిన చాలును. నీరు దొరకనిచోట శుభ్రమైన మట్టిని తాకి ముఖము, చేతులు తుడుచుకొన్న ఉజూకు బదులగును. దానిని తయమ్ముమ్ అందురు. మే నెలలో మానేరు ఇసుక మాత్రమే మిగిలిన సీమలో ఈ సడలింపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

దిక్కును గూర్చియు, వేళను గూర్చియు కొంత చెప్పవలెను. మక్కానగరము కరీంనగరమునకు సరిగా పడమర కాదు; పడమటినుండి ఉత్తరమునకు సుమారు 11 డిగ్రీలు మొగ్గవలెను. వేళలను నిర్ణయించునది సూర్యుడు. నీడ పొడవును బట్టి మధ్యాహ్నపు నమాజు ముగిసి అసర్ ఆరంభమగును. మధ్యాహ్నపు నీడను మినహాయించి, పాతిన కర్ర నీడ కర్రకు రెండింతలైనప్పుడు అసర్ అని హనఫీల లెక్క. మే నెల రెండవ వారములోను, జులై చివరను కరీంనగరమున సూర్యుడు నడినెత్తిన నిలుచును గనుక ఆ దినములలో మినహాయింపునకు నీడయే యుండదు. ఇప్పుడు గడియారము సంగతి. భారతదేశపు ప్రామాణిక సమయము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునకు చెందినది. అందుచేత సగటున కరీంనగరమున 12 గంటలు దాటిన 13 నిమిషములకు గాని, ఆదిలాబాదున 16 నిమిషములకు గాని నిజమైన మధ్యాహ్నము కాదు. ఋతువును బట్టి ఇది కొంత హెచ్చుతగ్గు లగుచుండును. రేడియోలో మేము గంట కొట్టి సమయము చెప్పినప్పుడు పల్లెలోని ముఅజ్జిన్ మనస్సులో ఒక కూడిక చేసికొనును. 1935లో నిజాము ప్రభుత్వము చేపట్టిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసినది. ఆదిలాబాదునకు స్వంత కేంద్రము 1986లో వచ్చినది. మా వాణి ఇంత దూరము నడచినను, సూర్యుని ముందు మేము చెప్పు సమయము కొంచెము అబద్ధమే.

శాంతిని గూర్చి మాట్లాడుచు అశాంతిని దాటవేయుట న్యాయము కాదు. 1857 తరువాత నిర్మల ప్రాంతమున రాంజీ గోండు నాయకత్వమున గోండులు తిరుగబడిరి. రొహిల్లాలు వారితో చేతులు కలిపిరి. గోండులు తమ పెర్సపేనును కొలుచువారు. రొహిల్లాలు నమాజు చేయువారు. 1860లో నిర్మలలో రాంజీని, అతని అనుచరులను ఒక మఱ్ఱిచెట్టునకు ఉరితీసిరి. వెయ్యి ఉరుల మఱ్ఱి యను పేరు నాటినుండి ప్రజల నోట నిలిచినది.

యుద్ధములో నమాజు ఎట్లు చేయవలెనో ఖురాను నాలుగవ అధ్యాయమున విధింపబడినది. దానిని భయకాలపు నమాజు అందురు. సేనలో ఒక భాగము ఆయుధములు విడువక ప్రార్థన చేయును; తక్కినవారు కావలి కాయుదురు. పిదప వీరు కావలికి పోవుదురు, వారు ప్రార్థనకు వత్తురు. ఈ విధి చదివినప్పుడు మాకొక సంగతి స్పష్టమైనది. ఈ సంప్రదాయము చెప్పు నెమ్మదిలో ప్రమాదమును లేదనుకొనుట లేదు. వెనుక ఒకడు మెలకువతో నిలిచి కాపాడుచుండగా ముందున్నవాడు నుదురు నేలకు ఆనించును. మరుక్షణము తానే కావలియగును.

ఇంతకన్న కఠినమైన పరీక్ష 1948లో వచ్చినది. అంతకుముందు రజాకార్ల దౌర్జన్యములచే తెలంగాణపు పల్లెలు తల్లడిల్లినవి. ఆ యేడు సెప్టెంబరు 13న భారతసైన్యము సంస్థానములో ప్రవేశించినది, 17న నిజాము లొంగిపోయెను. తరువాతి దినములలో పెక్కుచోట్ల, ఆ దౌర్జన్యములతో ఏ సంబంధమును లేని ముసల్మాను కుటుంబములమీద ప్రతీకారము జరిగినది. పండిత సుందరలాల్, కాజీ అబ్దుల్ గఫార్ మున్నగువారి సంఘము ఆ సంవత్సరాంతమున పర్యటించి, మృతుల సంఖ్య 27 వేలనుండి 40 వేల వరకు ఉండునని అంచనా కట్టినది. ఆ నివేదిక చాలకాలము మూతబడియుండి 2013లో గాని ప్రజల కందలేదు. మిక్కిలి నష్టపడినవిగా అందు పేర్కొనబడిన నాలుగు జిల్లాలలో ఆదిలాబాదుగాని, కరీంనగరముగాని లేవు. కాని ఆదిలాబాదునకు సరిహద్దుననున్న నాందేడు కలదు. పొరుగింటి మంటకు మన గోడ వేడెక్కకుండునా? హిందూ నేతగాండ్రు తమ తోటి ముసల్మాను నేతగాండ్రను ప్రాణములకు తెగించి కాపాడిన ఉదంతములు కూడ ఆ నివేదికలోనే యున్నవి. ఆ పుటలు కూడ చదువవలసినవి.

నమాజు ఆ చనిపోయినవారిని బ్రతికించలేదు. అది రక్షరేకు వంటిదని చెప్పువారు దానిని తక్కువచేసి చెప్పుచున్నారని మా నమ్మకము. బ్రతికినవాడు మరునాటి వేకువన చెంబెడు నీటితో ముఖము కడుగుకొని, నిన్న నిలిచిన దిక్కునకే నిలిచెను. ఐదు పూటలు గడచిన పిమ్మట ఒక దినము గడచినది. అట్లు దినములు గడచినవి. చరిత్రకారులు యుద్ధములకు తేదీలు వేయుదురు. ఇట్టి గడుపుటకు తేదీ యుండదు.

మాటలమీద బ్రతుకు మావంటివారికి ఇమాం గజాలీ జీవితము ప్రత్యేకముగా తోచును. ఆయన 1058లో తూస్ నగరమున పుట్టి, 1091 నాటికి బాగ్దాదులోని నిజామియా విద్యాపీఠమున ప్రధానాచార్యుడయ్యెను. వందలకొలది శిష్యులు ఆయన ఉపన్యాసములు వినుచుండిరి. 1095లో ఒకనాడు నాలుక ఆగిపోయినది. పాఠము చెప్పబోయిన మాట రాదు, అన్నము దిగదు. వైద్యులు చేతులెత్తివేసిరి. తాను పాఠములు చెప్పుచున్నది దైవమునకు కాక కీర్తికని తెలిసికొనుటయే ఆ వ్యాధికి మూలమని ఆయనయే తరువాత వ్రాసికొనెను. పదవి విడిచి దమస్కు, జెరూసలేము తిరిగి పెక్కేండ్లు ఏకాంతమున గడపెను. 1111లో కాలధర్మము చెందునాటికి ఆయన పూర్తిచేసిన మహాగ్రంథములో నమాజునకు ఒక సంపుటమే కలదు. నమాజునకు ప్రాణమిచ్చు గుణములు ఆరింటిని ఆయన అందు చెప్పెను: హృదయము అచట ఉండుట, పలుకుచున్నది తెలియుట, గౌరవము, భయము, ఆశ, సిగ్గు. సిగ్గు అను మాటవద్ద మేము చాలసేపు ఆగిపోయితిమి. చేసినది చాలలేదను సిగ్గు. అది లేని ప్రశాంతత నిద్రకు దగ్గర యగును కాబోలు.

పలుకుచున్నది తెలియవలెనన్నచో భాష తెలియవలెను. దూదేకులవారు మున్నగు తెలుగిండ్ల ముసల్మానులకు నమాజు అరబ్బీలో, బ్రతుకు తెలుగులో. విధి ముగిసిన పిమ్మట చేతులెత్తి చేయు దుఆ మాత్రము వచ్చిన భాషలో చేసికొనవచ్చును. వానల కొరకును, పిల్లల చదువు కొరకును, తప్పిపోయిన మేక కొరకును అది తెలుగులోనే సాగును. ఖురాను అర్థమును మొదట తెలుగున కెత్తినవారు చిలుకూరి నారాయణరావు గారు, భాషాపండితుడు, హిందువు. 1930 నాటికే ఆ గ్రంథము తెలుగువారి చేతికి వచ్చియుండెను.

మసీదుల చరిత్రలో స్త్రీలు కనబడరు, ఏలయన వారి నమాజు చాలవరకు ఇంటిలో. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల ప్రాంతములలో బీడీలు చుట్టుట కులమతభేదములేక స్త్రీలకు జీవనాధారమైనది. ఆదిలాబాదు అడవుల తునికాకు వారి చాటలలోనికి వచ్చును. లెక్క వేలలో. వేగము తగ్గిన కూలి తగ్గును. అట్టి ఇంట ఒకామె చాట ప్రక్కన పెట్టి, తంబాకు దుమ్ము కడుగుకొని, చాప పరచుకొని నిలిచిన క్షణమును గూర్చి తలపోయుడు. ఆమె ఆపినది సంపాదనను. నాలుగు రకాతుల కాలములో చుట్టగల బీడీల లెక్క ఆమెకు మనకన్న బాగుగ తెలియును. ఇది తెలిసియు తొందరపడక, వంగినచోట వంగి, నిలిచినచోట నిలిచినప్పుడు గాని ఆ పాతమాటకు, తుమఅనీనాకు, పూర్తి అర్థము రాదు. ఎలగందుల మీనారుకన్న ఈ చాప చరిత్రకు పెద్ద ఆధారమని మేము తలచుచున్నాము. ఏ పురావస్తుశాఖయు దానిని భద్రపరచజాలదు, అంతే.

బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుగనులలో నేలక్రింద నీడలు లేవు, సూర్యుడు లేడు. అచ్చట పనిచేయువాడు చేతిగడియారమునే నమ్మవలెను. 1970 తరువాత కరీంనగర్, జగిత్యాల, నిర్మల ప్రాంతములనుండి వేలకొలది యువకులు, హిందువులును ముసల్మానులును, ఎడారిదేశములకు కూలికి పోయిరి. వారికి దిక్కే మారిపోయినది. ఇంటివద్ద పడమటి గోడవైపు నిలిచినవాడు కువైటులో నైరృతికి నిలువవలెను. జిద్దాలో పనికి కుదిరినవాడు తూర్పునకు తిరిగి నిలువవలెను; మక్కా అచ్చటికి తూర్పుననున్నది. అనగా తన ఊరివైపే! ప్రయాణీకునకు నాలుగు రకాతులు రెండుగా తగ్గును. పదునైదు దినములు గాని, అంతకుమించి గాని నిలువ సంకల్పించిన హనఫీకి ఆ తగ్గింపు లేదు. రెండేండ్ల ఒప్పందముమీద పోయినవాడు శాస్త్రప్రకారము ప్రయాణీకుడు కాడు. అతడు అచ్చట నివాసి. ఈ సంగతి మాకు చెప్పిన యువకుడు నవ్వుచునే చెప్పెను గాని, ఆ నవ్వు మాకు మంచిగ అనిపించలేదు.

ఎలగందుల పెద్దాయన తిరిగి వచ్చుసరికి పావుగంట అయినది. నుదుటిమీద కొంచెము ధూళి. ముఖము ఇంకను తడిగనే యున్నది. మేము యంత్రమును సరిచూచుకొనుచు, ఎక్కడ ఆగినదో మరచిపోయి, "చాచా, మొదటినుంచి చెప్పుతారా?" అని అడిగితిమి. ఆయన మంచముమీద కూర్చుండి, ఉత్తరీయముతో చేతులు తుడుచుకొనెను.

"మొదటి నుంచి ఎందుకు సారూ? దివిటి కాడ ఆపిన గదా" అని, ఆ దివిటీ పట్టుకొని లోపలికి దిగినవాని కథను ఆ మాటనుండియే ఎత్తుకొనెను.